జలతీరాల్లోని ప్రభుత్వ స్థలాలు, శివార్లకు తరలే కార్యాలయాలు: తుక్కుగూడ వాసుల సభ తీర్మానం

తుక్కుగూడ, రావిర్యాల, మంఖాల్, సర్దార్‌నగర్ వాసుల బహిరంగ సభ, నదులు, చెరువుల ఒడ్డున ఉన్న ప్రభుత్వ కార్యాలయాలను తరలించి ఆ స్థలాలను ప్రైవేటు నిర్మాణాలకు తెరిచే ఆలోచనపై చర్చించి ఈ తీర్మానాన్ని ఆమోదించింది. మంఖాల్ రైతు ఒకరు ప్రతిపాదించగా, రావిర్యాల మహిళా సంఘం సభ్యురాలు ఒకరు బలపరిచారు.

ప్రస్తావన

మూసీ ఒడ్డున ఏం కట్టాలో, ఏం కూల్చాలో చెప్పడానికి తుక్కుగూడకు ఏం పని అని చర్చ మొదట్లోనే ఒకరు అడిగారు. అడగాల్సిన మాటే. నగరం నడుమ ఖాళీ అయిన ఆఫీసు ఎక్కడో ఒకచోట దిగాలి, దిగేది మా వైపే. రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ లకడీకాపూల్ వదిలి మా పక్కనున్న కొంగరకలాన్‌కు వచ్చింది. 2022 ఆగస్టు 25న కొత్త భవన సముదాయం ప్రారంభమైంది. హైకోర్టు రాజేంద్రనగర్‌కు వస్తోంది. కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ కార్యాలయానికి 2025 సెప్టెంబర్ 28న శంకుస్థాపన జరిగింది. ఆ సంస్థ పరిధిలోని 56 గ్రామాల్లో మా మహేశ్వరం మండలం ఊళ్లూ ఉన్నాయి. ఇక మా సొంత సంగతి చూస్తే, 2018లో మున్సిపాలిటీ అయిన తుక్కుగూడను 2025 డిసెంబర్‌లో జీహెచ్ఎంసీలో విలీనం చేశారు. ఆఫీసు రావడమంటే ఏమిటో, పోవడమంటే ఏమిటో ఏడేళ్లలోనే రెండూ చూసినవాళ్లం కనుక మాట్లాడే హక్కు మాకుందని సభ భావిస్తోంది.

అసలు మూసీ ఒడ్డున ప్రభుత్వ భవనాలు ఎందుకున్నాయన్నది మరచిపోయి తరలింపు గురించి మాట్లాడటం కుదరదు. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. నిజాం ప్రభుత్వం పిలిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చూసి, ఎగువన జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరం లోపలి పని 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేతికి వెళ్లింది. వరద తిన్న ఒడ్డు వెంట హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, తరువాత ఆసఫియా గ్రంథాలయం లేచాయి. వాటి నడుమ తోటలు వేశారు.

ఆ ఏర్పాటును సభ ఇలా అర్థం చేసుకుంటోంది. నది మళ్లీ పొంగితే దెబ్బతినేది సర్కారు గోడ కావాలి, జనం కొంప కాకూడదు. నది శాంతంగా ఉన్న రోజుల్లో ఆ ఒడ్డు రోగికి, విద్యార్థికి, కోర్టు మెట్లెక్కే పేదవాడికి అందుబాటులో ఉండాలి. రాజుల కాలంలో తీసుకున్న నిర్ణయమే అయినా ప్రజాస్వామ్యానికి అది బాగానే పనికొచ్చింది. జంట జలాశయాలు ఉన్నాయి కదా, ఇక వరద భయమేమిటి అనేవారికి 2025 సెప్టెంబర్ చివరి వారం గుర్తుచేస్తున్నాం. గేట్లు ఎత్తాక మూసీ నీరు ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి చేరింది, ప్రయాణికులను రాత్రికి రాత్రి బయటికి తేవాల్సి వచ్చింది. ప్లాట్‌ఫాం మునిగితే మర్నాడు కడుక్కోవచ్చు. అదే చోట నలభై అంతస్తుల టవరు, దాని కింద మూడు సెల్లార్లు ఉంటే ఏమయ్యేదో ఇంజినీర్లే చెప్పాలి.

తీరాన్ని ఖాళీ చేసి మేడలు కట్టించాలన్న ఆలోచన ఒక ప్రభుత్వానిదో, ఒక పార్టీదో కాదు. తెలంగాణ వచ్చిన ఏడాదే హుస్సేన్‌సాగర్ చుట్టూ ఆకాశహర్మ్యాలు కట్టిస్తామని అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు ప్రకటించారు. 2015 జనవరిలో, సాగర్ పక్కనున్న సచివాలయాన్ని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి స్థలానికి మార్చాలని, ఆ ఆసుపత్రిని వికారాబాద్ అనంతగిరికి పంపాలని మంత్రివర్గం నిర్ణయించింది. అంటే ఆఫీసు కోసం ఆసుపత్రి కదలాలి, సాగర్ ఒడ్డు కోసం ఆఫీసు కదలాలి. క్షయ రోగి మాత్రం కొండెక్కాలి. నిరసనలు, కోర్టు కేసుల మధ్య అది ఆగిపోయింది. తరువాత సికింద్రాబాద్ బైసన్ పోలో మైదానం మాట వచ్చింది, అదీ నడవలేదు. చివరికి పాత చోటే పాత భవనాలు కూల్చి కొత్త సచివాలయం కట్టారు, 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. ఖర్చు, కూల్చివేతల మీద ఎవరి అభిప్రాయం వారిది. సాగర్ ఒడ్డున ఆ నేల మాత్రం ప్రజల పేరిటే మిగిలింది. ఎనిమిదేళ్ల గందరగోళంలో దక్కిన మేలు అదొక్కటే అనిపిస్తుంది.

ఇప్పుడు మూసీ వంతు. నది పునరుజ్జీవనాన్ని ఈ సభ వ్యతిరేకించడం లేదు. మురుగు ఆగాలి, నీరు పారాలి, ఒడ్డున నడవగలగాలి. 55 కిలోమీటర్ల పొడవునా చేపట్టే ఆ పనిలో ప్రైవేటు పెట్టుబడికీ చోటుంటుందని పాలకులే చెబుతున్నారు. పెట్టుబడి పెట్టేవాడు స్థలం అడుగుతాడు. ఒడ్డున స్థలమంటే రెండే రకాలు, బస్తీలూ ప్రభుత్వ ఆవరణలూ. బస్తీల సంగతి 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో చాదర్‌ఘాట్ పరిసరాల గోడల మీద కూల్చివేతకు ఎర్ర రంగు గుర్తులు పడినప్పుడే రాష్ట్రమంతా చూసింది. ఈ తీర్మానం ముఖ్యంగా రెండో రకం గురించి.

హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమి నుంచి 100 ఎకరాలు ఇచ్చారు. 2024 మార్చి 27న శంకుస్థాపన అయింది. పాత భవనంలో చోటు చాలడం లేదన్నది నిజం, న్యాయవాదులు అడిగినదీ నిజం. ఉస్మానియా ఆసుపత్రి సంగతీ అంతే. 2020 వానల్లో వార్డుల్లోకి మురుగునీరు వచ్చిన దృశ్యాలు చూశాక కొత్త భవనం వద్దనేవారు ఈ సభలో ఒక్కరూ లేరు. గోషామహల్‌లో 2025 జనవరి 31న దానికి శంకుస్థాపన జరిగింది. రెండింటికీ కదలడానికి సొంత కారణాలున్నాయి. ఖాళీ అయ్యాక పాత ఆవరణలు ఎవరివన్నదే మా ప్రశ్న. పాత హైకోర్టును కోర్టు అవసరాలకే వాడతామని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి అప్పట్లో చెప్పారు. ఆ మాటను సభ స్వాగతిస్తోంది. మాట జీవో అయితే ఇంకా సంతోషిస్తుంది.

ఈ అనుమానం ఎందుకంటే, నీటి పక్కన ప్రభుత్వ భూమి ధర ఎంత పలుకుతుందో గండిపేట చెరువుకు దగ్గర్లో ఉన్న కోకాపేట చూపించింది. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100 కోట్లు దాటింది. ఖజానాకు డబ్బు అవసరమైన ప్రతిసారీ ఈ అంకె పాలకుల చెవిలో మోగుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా మోగుతుంది.

దూరంగా చూస్తే లండన్ అనుభవం ఉంది. థేమ్స్ ఒడ్డున ఆ నగర పాలన సాగిన కౌంటీ హాల్‌ను, 1986లో నగర మండలి రద్దయ్యాక, ప్రైవేటు సంస్థకు అమ్మేశారు. ఇప్పుడందులో హోటళ్లు, చేపల ప్రదర్శనశాల ఉన్నాయి. 2000లో నగరానికి మళ్లీ పాలకమండలి వచ్చింది. సొంత భవనం లేదు కనుక అదే నది ఒడ్డున అద్దె భవనంలో కూర్చుంది. అద్దె భారమై 2021 చివర్లో అదీ ఖాళీ చేసి నగరం తూర్పున రాయల్ డాక్స్‌కు వెళ్లింది. మన దగ్గర తరచుగా ఉదాహరణగా చెప్పే సబర్మతి రివర్‌ఫ్రంట్‌లో నదిని ఇరుకు చేసి తీసుకున్న సుమారు 200 హెక్టార్లలో ఎక్కువ భాగం రోడ్లకు, తోటలకు వెళ్లింది, అమ్మకానికి పెట్టింది కొంతే. అయినా ఒడ్డున బతికిన వేల కుటుంబాలు ఊరి చివరికి చేరాయి. సబర్మతి ఫొటో చూపించేవారు ఆ ఊరి చివరనూ చూపించాలి.

మా అనుభవం

రంగారెడ్డి జిల్లా హైదరాబాద్ చుట్టూ నెలవంకలా ఉంటుంది. పాత కలెక్టరేట్ జిల్లా బయట, హైదరాబాద్ నడిబొడ్డున ఉండేది. వినడానికి వింతే గానీ జిల్లాలోని ప్రతి ఊరి బస్సూ నగరంలోకే వెళ్లేది కాబట్టి చేవెళ్ల రైతూ, యాచారం రైతూ దాదాపు ఒకే తీరున అక్కడికి చేరేవారు. ఇప్పుడు కలెక్టరేట్ జిల్లా లోపలే ఉంది, కాకపోతే ఒక కొసన ఉంది. ఇబ్రహీంపట్నం, మహేశ్వరం, కందుకూరు వారికి దగ్గరైంది. మాకు మరీ దగ్గర, ఆ సంగతి దాచడం లేదు. శంకర్‌పల్లి, చేవెళ్ల, షాబాద్ వారికి మాత్రం నగరంలోకి వచ్చి మళ్లీ బయటికి పోవడమో, కారుంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడమో తప్ప దారి లేదు. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి బైకును, ఆటోను రానివ్వరు. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలంటే ఒక పూట ప్రయాణం, ఒక పూట క్యూ. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు టికెట్ లేదు, నిజమే. ముందు బస్సు రావాలి కదా అని సభలో ఒకామె అంటే అందరూ నవ్వారు, తరువాత ఆ వాక్యాన్ని తీర్మానంలో రాయమన్నారు. రాశాం.

ఆఫీసు వెంట అది తెచ్చే బతుకుదెరువు దానంతట అది రాదు. అర్జీలు రాసేవారు, నోటరీలు, జిరాక్స్ దుకాణాలు, టీ బండ్లు, ఫొటోలు తీసేవారు పాత చోట ఏళ్ల తరబడి అల్లుకుని ఉంటారు. తరలింపు ఉత్తర్వులో వారి ఊసు ఉండదు. కొత్త చోట కాంపౌండ్ గోడ పొడవుగా ఉంటుంది, గేటు ఒకటే ఉంటుంది, బండి పెట్టుకోవడానికి నీడ ఉండదు. ఆఫీసు కన్నా ముందే మా దగ్గరికి వచ్చేది ప్లాటు ధర. పునాది రాయి పడిన వారంలోనే వెంచర్ల బోర్డులు లేస్తాయి. అద్దెకుండేవారికి, కౌలు రైతుకు ఆ ధర లాభం కాదు. విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు, ఫ్యాబ్ సిటీ పేరుతో వెయ్యి ఎకరాలకు పైగా ఇచ్చిన ప్రాంతం ఇది. చిప్పులు తయారవుతాయని చెప్పి తీసుకున్న నేలలో అనుకున్న చిప్పుల కర్మాగారం రాలేదన్న సంగతి కూడా మాకు గుర్తుంది.

కనుక ఈ సభ తీర్మానిస్తున్నది ఏమనగా,

ఏ ప్రభుత్వ కార్యాలయాన్నయినా తరలించే ఉత్తర్వులో ఎందుకు కదులుతోందో, ఖాళీ అయ్యే స్థలాన్ని ఏం చేస్తారో రెండూ ఒకేచోట రాయాలి. ముందు ఆఫీసు ఖాళీ చేయించి, రెండేళ్లు తాళం వేసి, ఆ తరువాత నిరుపయోగంగా ఉంది కనుక వేలం వేస్తున్నామనే పద్ధతిని ఈ సభ అంగీకరించదు. కదలడానికి కారణం ప్రజల పని సులువు కావడమైతే సభ మద్దతు ఇస్తుంది. కారణం ఆ నేల ధర అయితే ఎంత గొప్ప నమూనా బొమ్మ చూపించినా వ్యతిరేకిస్తుంది. లకడీకాపూల్ పాత కలెక్టరేట్ స్థలం విషయంలోనూ ఇదే వివరాన్ని జిల్లా ప్రజల ముందు పెట్టాలి.

మూసీ, హుస్సేన్‌సాగర్, జంట జలాశయాల ఒడ్డున ఖాళీ అయ్యే ప్రభుత్వ భూమిని అమ్మకూడదు, 99 ఏళ్ల లీజు పేరుతోనూ ఇవ్వకూడదు. హక్కు ప్రభుత్వం పేరిటే ఉండాలి. పాత భవనాన్ని బాగుచేసి మ్యూజియంగానో, గ్రంథాలయంగానో, క్లినిక్‌గానో నడపడానికి ప్రైవేటు వారిని కొద్దికాలపు ఒప్పందంతో పిలవడాన్ని సభ తప్పుపట్టదు. టికెట్ లేకుండా ఎవరైనా నీటి అంచు దాకా నడిచి వెళ్లగలగాలన్నదే మా షరతు. నదికి విడవాల్సిన బఫర్ పేదవాడి గుడిసెకు ఎంత కఠినంగా వర్తించిందో రేపటి పెట్టుబడిదారుకూ అంతే కఠినంగా వర్తించాలి.

ఉస్మానియా పాత భవనాన్ని వారసత్వ కట్టడంగా కాపాడి అందులో కనీసం ఓపీ సేవలైనా కొనసాగించాలి. పాతబస్తీ, అఫ్జల్‌గంజ్, బేగంబజార్ జనానికి రాత్రిపూట నడిచి వెళ్లగల వైద్యం ఆ గుమ్మంలోనే దొరికింది. హైకోర్టు కోసం ఇచ్చిన 100 ఎకరాల్లో పనికి అవసరం లేని చెట్టును కొట్టకూడదు.

కార్యాలయం దిగే ఊరికి ముందుగా బస్సు, మంచినీరు, మురుగు కాలువ రావాలి, తరువాతే ప్రారంభోత్సవం జరగాలి. తుక్కుగూడ మీదుగా శంషాబాద్, రావిర్యాల, కొంగరకలాన్‌లను కలిపే ఆర్టీసీ సర్వీసులు ఆఫీసు వేళలకు సరిపోయేలా రోజంతా నడవాలి. చేవెళ్ల, షాద్‌నగర్ వైపు నుంచి సోమవారాల్లో నేరుగా కలెక్టరేట్‌కు బస్సు వేయాలి. ఔటర్ సర్వీస్ రోడ్డు మీద రాత్రి దీపాలు వెలగాలి. తరలింపుకు ముందు పాత చోట బతికే చిన్న వ్యాపారుల లెక్క తీసి, కొత్త ఆవరణలో గేటు పక్కనే వారికి నీడ, నీళ్లు, నామమాత్రపు అద్దెతో చోటు చూపాలి. మూసీ ఒడ్డున ఇళ్లు కోల్పోయి దూరపు కాలనీలకు చేరిన కుటుంబాలకు కొత్త కార్యాలయాల్లో దొరికే పనుల్లో మొదటి అవకాశం ఇవ్వాలి.

కొత్త కార్యాలయాల కోసం అసైన్డ్ పట్టాదారుల భూమి తీసుకోకూడదు. పరిశ్రమల కోసం సేకరించి వాడకుండా ఉంచిన ప్రభుత్వ నేల ముందు వాడాలి.

నీటి ఒడ్డు మాకూ ఉంది. రావిర్యాల చెరువుతో పాటు మా ప్రాంతంలోని ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దురాళ్లు పాతి, మ్యాపును వార్డు ఆఫీసులో గోడకు అంటించాలి. పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్ల బఫర్ విడవాలన్న నిబంధన ఇక్కడ కాగితం దాటాలి. నగరం మూసీ ఒడ్డు అమ్మకూడదని చెబుతూ మా చెరువు కట్ట పక్కన వెంచర్‌కు తలూపితే మా మాటకు విలువ ఉండదు. అందువల్ల ఈ అంశం నగరానికే కాదు, ఈ సభలో కూర్చున్న మాకూ వర్తిస్తుంది.

సవరణలు

ప్లాట్ల వ్యాపారం చేసే సభ్యుడొకరు, ఖాళీ స్థలాలను అమ్మనిచ్చి వచ్చే సొమ్ములో సగం శివారు ప్రాంతాల డ్రైనేజీకి అడగాలని సవరణ ప్రతిపాదించారు. అరగంటకు పైగా వాదన నడిచింది. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, మా డ్రైనేజీకి డబ్బు కావాలి. కానీ కాలువకు ఏటేటా ఖర్చు ఉంటుంది, నేల ఒక్కసారే అమ్ముడుపోతుంది. వేలం సొమ్ము ఖజానాలో కలిసిపోయాక అందులో మా వాటా ఎంతో ఎవరూ రాసివ్వరు. సవరణ వీగిపోయింది. అసలు ఏ కార్యాలయమూ ఇటు రావద్దని మరొకరు కోరారు. దగ్గరి కలెక్టరేట్ వల్ల మాకు కలిగిన మేలును కాదనలేక సభ దాన్నీ తిరస్కరించింది.

ఈ తీర్మానం ప్రతులను రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి, పురపాలక శాఖకు, మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు, హెచ్ఎండీఏకు, ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థకు, ఆర్టీసీకి, జిల్లా కలెక్టర్‌కు, ఈ ప్రాంత ఎమ్మెల్యేకు, ఎంపీకి పంపాలని సభ ఆదేశిస్తోంది. శంషాబాద్, రాజేంద్రనగర్, ఆదిబట్ల, కందుకూరు వాసులు తమ సభల్లో దీన్ని చర్చించి, మార్పులు అవసరమైతే మార్చి, తమ తీర్మానాలుగా పంపాలని కోరుతోంది.

చేతులెత్తే పద్ధతిలో ఓటింగ్ జరిగి తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందింది. సవరణలు ప్రతిపాదించిన ఇద్దరి భిన్నాభిప్రాయాన్ని ప్రతి ప్రతికీ జతచేయడమైనది.